నయాపూల్ నుంచి చూస్తే: హైదరాబాదులో అంతర్జాతీయ చలనచిత్రోత్సవాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు నగరం 1986లో ఫిల్మోత్సవ్‌కు, 1999లో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి ఆతిథ్యమిచ్చింది. 1995 నుంచి 2017 వరకు అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి ఈ నగరమే వేదిక. వీటి చరిత్రను వచ్చిన దేశాలు, చూపిన చిత్రాలు, విచ్చేసిన అతిథుల లెక్కతో చెప్పడం పరిపాటి. ప్రస్తుత వ్యాసం ఆ చరిత్రను ప్రేక్షకుల వైపు నుంచి, అందునా మూసీ ఒడ్డున ఉన్న నయాపూల్ వైపు నుంచి పరిశీలిస్తుంది. ప్రపంచ సినిమాకూ పాతనగరానికీ మధ్య చట్టం, స్థలం, భాష అనే మూడు అంశాలు ఎలా పనిచేశాయో వివరిస్తుంది. ఉత్సవం చిత్రాలను తేగలదు గాని ప్రేక్షకులను నిలిపేది స్థానికమైన, నిరంతరమైన వ్యవస్థేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నయాపూల్, ఫిల్మోత్సవ్, బాలల చలనచిత్రోత్సవం, ఫిల్మ్ సొసైటీ, ప్రేక్షకులు, ఇరాన్ సినిమా

1. ఉపోద్ఘాతం

మూసీ మీద 1578లో కట్టిన వంతెన పురానాపూల్ అయింది. అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో అఫ్జల్‌గంజ్ వద్ద కట్టిన వంతెన నయాపూల్ అయింది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద ఈ వంతెనను దెబ్బతీసింది. దాన్ని మళ్ళీ నిలబెట్టారు. వరద తరువాత నది ఒడ్డు రూపమే మారింది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అసఫియా గ్రంథాలయం వెలిశాయి. తరువాతి కాలంలో సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఈ ఒడ్డుకే వచ్చింది. న్యాయం, విద్య, వైద్యం, గ్రంథం, కళ అన్నీ వంతెనకు కూతవేటు దూరంలో ఉన్న చోటు ఇది. పాతనగరం నుంచి కొత్త నగరానికి పనిమీద పోయే మనిషి, కొత్త నగరం నుంచి చార్మినార్ చూడవచ్చే మనిషి ఇక్కడే ఎదురుపడతారు.

ఇన్ని ప్రజాసంస్థలు చేరిన ఈ చోటికి ప్రపంచ సినిమా ఏ మేరకు చేరిందన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న. తెలుగులో సినిమా చరిత్ర రచన ప్రధానంగా నిర్మాతలు, దర్శకులు, నటుల చుట్టూ సాగింది. ఎవరు చూశారు, ఎక్కడ కూర్చుని చూశారు, ఎవరికి లోపలికి దారి ఉంది అనే విషయాలకు అందులో చోటు తక్కువ. చలనచిత్రోత్సవాల విషయంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

2. ఉత్సవాలకు ముందు: 1924

పై చిత్రాల ప్రదర్శనకు ఈ నగరంలో ఉత్సవాల కంటే ముందే ఒక చరిత్ర ఉంది. బెంగాలీ చిత్రకారుడు, నటుడు, దర్శకుడు ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించాడు. నిజాం ప్రభుత్వ ఆదరణతో మూకీ చిత్రాలు తీశాడు, ప్రదర్శనశాలలు కూడా నడిపాడు. 1924లో ఆయన తన శాలలో బొంబాయిలో తయారైన ‘రజియా బేగం’ను ప్రదర్శించాడు. ముస్లిం రాణి ప్రేమకథగా సాగిన ఆ చిత్రం పాలకులకు ఆగ్రహం తెప్పించింది. గంగూలీ వెంటనే రాజ్యం విడిచి కలకత్తా వెళ్ళవలసి వచ్చింది. తరువాతి కాలంలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఆ దర్శకుని హైదరాబాదు అధ్యాయం అంతటితో ముగిసింది.

ఈ ఘటనను కేవలం నిషేధ చరిత్రగా చూస్తే ఒక ముఖ్యాంశం మరుగున పడుతుంది. అప్పటి హైదరాబాదు రాజ్యానికి బొంబాయి సైతం వేరొక ప్రభుత్వం కింది ప్రాంతమే. అంటే ‘రజియా బేగం’ పొలిమేర దాటి వచ్చిన చిత్రం. తానే నిర్మాత అయిన మనిషి తన చిత్రం వల్ల కాక, తాను ప్రదర్శించిన పరాయి చిత్రం వల్ల నగరాన్ని విడవవలసి వచ్చింది. చిత్రం తీయడం కంటే చూపడం పెద్ద సాహసమైన సందర్భం ఇది. ఒక చిత్రాన్ని ఏ జనం ముందు వేస్తే ఏమవుతుందన్న భయం నాటి పాలకుల్లో ఉంది. స్వతంత్ర భారతంలో ఆ భయం మరో రూపంలో కొనసాగింది.

3. 1951–52: ఏడు వారాల్లోపు రెండు ప్రారంభాలు

1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియాన్ని అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవ్డీలో ప్రారంభించారు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కుటుంబం తరతరాలుగా సేకరించిన దేశదేశాల వస్తువులు అందులో కొలువు తీరాయి. సరిగ్గా 39 రోజుల తరువాత, 1952 జనవరి 24న, భారతదేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలైంది. అది తరువాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు వెళ్ళింది. ఇటలీ నవ్యవాస్తవిక చిత్రాలు, ముఖ్యంగా డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’, భారతీయ దర్శకులపై చూపిన ప్రభావం సినిమా చరిత్రలో సుప్రసిద్ధం. ఆ ఉత్సవపు దారిలో హైదరాబాదు లేదు.

ఒకే కాలంలో మొదలైన ఈ రెండు సంస్థలను పక్కపక్కన పెట్టి చూడటం ప్రయోజనకరం. రెండింటి ఉద్దేశం ఒకటే: ప్రపంచాన్ని సామాన్యుని ముందుకు తేవడం. 1968లో మ్యూజియం నయాపూల్ సమీపంలోని ప్రస్తుత భవనానికి మారింది. నాటి నుంచి ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహం ముందు పాతనగరపు కుటుంబాలు, పల్లెల నుంచి వచ్చిన యాత్రికులు, బడిపిల్లలు నిలబడుతూనే ఉన్నారు. గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు జనం చేరతారు. చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్ళే ఆ కొన్ని క్షణాల ప్రదర్శనకు భాష అక్కరలేదు, ఆహ్వానపత్రం అక్కరలేదు.

చలనచిత్రోత్సవానికి ఈ రెండూ కావాలి. మ్యూజియం ఏడాది పొడవునా ఒకే చోట ఉంటుంది కాబట్టి ఈ ఏడు రాలేని మనిషి మరుసటి ఏడు వస్తాడు, తాను చూసినదాన్ని తన పిల్లలకు చూపిస్తాడు. ఉత్సవం పది పన్నెండు రోజుల్లో ముగుస్తుంది. ప్రపంచ కళపట్ల పాతనగరానికి ఆసక్తి లేదన్న మాటకు మ్యూజియం ముందరి వరుసే జవాబు. లోపం ఆసక్తిలో లేదు, అందుబాటులో ఉంది.

4. సభ్యత్వపు తలుపు: ఫిల్మ్ సొసైటీలు

మొదటి ఉత్సవం జరిగిన 1952లోనే సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ధ్రువీకరణ లేని చిత్రాన్ని బహిరంగంగా ప్రదర్శించరాదు. అయితే ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని తొమ్మిదవ సెక్షను కేంద్ర ప్రభుత్వానికి కల్పించింది. చలనచిత్రోత్సవాలు, ఫిల్మ్ సొసైటీలు ఈ మినహాయింపు నీడలోనే పెరిగాయి. మినహాయింపుకు షరతు ఉంది: చూసేవారు సభ్యులో, నమోదైన ప్రతినిధులో అయి ఉండాలి. ప్రపంచ సినిమాను కత్తెర పడకుండా చూసే స్వేచ్ఛ, దాన్ని నలుగురికీ చూపకూడదన్న నిబంధన ఒకే ఉత్తర్వులో కలిసి వచ్చాయి. ప్రపంచ సినిమా కొద్దిమంది వ్యవహారం కావడానికి అభిరుచుల తేడా ఒక్కటే కారణం కాదు, ఈ చట్టపరమైన అమరిక కూడా ప్రబల కారణమే.

సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు 1947లో స్థాపించిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ, 1959లో ఏర్పడిన ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఈ ఉద్యమానికి పునాదులు. తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ విద్యార్థి దశలోనే హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని నెలకొల్పాడు. 1970లలో హైదరాబాదు ఫిల్మ్ క్లబ్ ఆ పని చేపట్టింది. అమీర్‌పేటలోని సారథి స్టూడియో ప్రదర్శనశాల దాని ప్రేక్షకులకు చిరపరిచితం. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్, వివిధ దేశాల రాయబార కార్యాలయాలు, విదేశీ సాంస్కృతిక కేంద్రాలు ఇటువంటి సంఘాలకు ప్రింట్లు సమకూర్చేవి. రాజధానికి వెలుపల కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ చేసిన కృషి తెలంగాణ సాహిత్య, సినిమా వర్గాలకు తెలిసినదే.

ఈ వలయం చిన్నదే గాని ఫలితం చిన్నది కాదు. బెనెగల్ ‘అంకుర్’ హైదరాబాదు శివార్లలో రూపొంది 1974 బెర్లిన్ ఉత్సవంలో పోటీపడింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మాభూమి’ కార్లోవీ వారీ ఉత్సవానికి వెళ్ళింది. నరసింగరావు ‘దాసి’ 1989లో మాస్కో ఉత్సవంలో ప్రశంసాపత్రం పొందింది. ప్రపంచ సినిమా చూసిన తరం ప్రపంచం చూసే సినిమా తీసింది.

‘మాభూమి’ విషయంలో మరొక అంశం గమనించదగింది. దానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. తెలంగాణ రైతాంగ పోరాటం ఉర్దూ నవలగా మారి, బెంగాలీ దర్శకుని చేతిలో తెలుగు చిత్రమై, చెకోస్లొవేకియా దాకా పోయింది. నయాపూల్ మీద రోజూ ఎదురుపడే రెండు భాషలు కలిసి పనిచేస్తే ఏమి సాధ్యమో ఈ ఒక్క చిత్రం నిరూపించింది. అయినా ఆ చిత్రం వెనుక ఉన్న ప్రపంచ సినిమా అభిరుచిని పెంచిన సంఘాల కార్యక్షేత్రం ప్రధానంగా నదికి ఉత్తరాననే ఉండిపోయింది.

5. ఫిల్మోత్సవ్ 1986, అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1999

భారత ప్రభుత్వ ఉత్సవం అప్పట్లో రెండు రూపాల్లో జరిగేది. ఒక ఏడు ఢిల్లీలో పోటీ ఉత్సవం, మరుసటి ఏడు వేరొక నగరంలో పోటీ లేని ఫిల్మోత్సవ్. మద్రాసు, బెంగుళూరు, కలకత్తా, బొంబాయిల తరువాత 1986 జనవరిలో ఆ అవకాశం హైదరాబాదుకు వచ్చింది. రాష్ట్రానికి అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు, తెలుగు సినిమాలో మూడు దశాబ్దాలకు పైగా నటించిన వ్యక్తి. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలుతున్న కాలమది. నగరాన్ని సినిమా రాజధానిగా నిలపాలన్న రాష్ట్ర సంకల్పానికి ఉత్సవం ఊతమైంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని ఆరుబయలు రంగస్థలం లలితకళా తోరణం ఈ దశకు చెందిన నిర్మాణం. నగరంలో జరిగిన సినిమా ఉత్సవాలతో దాని పేరు ముడిపడిపోయింది.

నయాపూల్ నుంచి పబ్లిక్ గార్డెన్స్ కొద్ది కిలోమీటర్లే. అయితే 1980ల హైదరాబాదులో దూరాన్ని కిలోమీటర్లతో మాత్రమే కొలవడం కుదరదు. 1978 నుంచి 1990 దాకా పాతనగరం పలుమార్లు అల్లర్లను, కర్ఫ్యూలను చవిచూసింది. సాయంత్రం వంతెన దాటినవారు రాత్రి ఇల్లు చేరగలరా అన్నది ప్రతి కుటుంబం వేసుకున్న ప్రశ్న. చీకటి పడ్డాక మొదలయ్యే ప్రదర్శనలు అటువంటి జీవితంలో ఇమడవు. ప్రతినిధి పత్రం, ఇంగ్లీషు ఉపశీర్షికలు, రాత్రి ప్రయాణం మూడూ కలిసి ఆ కొద్ది దూరాన్ని ఎన్నో రెట్లు చేశాయి.

1999 జనవరిలో 30వ భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం మళ్ళీ హైదరాబాదుకు వచ్చింది. అప్పటికి రాష్ట్ర ప్రభుత్వం నగరాన్ని సమాచార సాంకేతిక కేంద్రంగా ప్రపంచానికి పరిచయం చేసే పనిలో ఉంది. 1986లో ఉత్సవం తెలుగు సినిమాకు గౌరవం, 1999లో నగరానికి ప్రచారం. రెండు సందర్భాల్లోనూ ఆతిథ్యం ఘనమే. 2004లో ఉత్సవానికి గోవా శాశ్వత వేదిక కావడంతో ఊరూరా తిరిగే పద్ధతి ముగిసింది. తిరిగే ఉత్సవానికి ఒక గుణం, ఒక దోషం ఉన్నాయి. అది ఎన్నో నగరాలకు ప్రపంచ సినిమా రుచి చూపింది. ఢిల్లీని మినహాయిస్తే ఏ నగరంలోనూ రెండవ ఏడు నిలవలేదు. ప్రేక్షకుడికి మొదటి చిత్రం ఆశ్చర్యం, పదవ చిత్రం అలవాటు. తిరిగే ఉత్సవం మొదటిదాన్నే ఇవ్వగలిగింది.

6. బాలల చలనచిత్రోత్సవం: తెరిచిన తలుపు

హైదరాబాదు ఉత్సవ చరిత్రలో ఈ పరిమితిని కొంతవరకు దాటింది బాలల చలనచిత్రోత్సవం. 1955లో ఏర్పడిన బాలల చలనచిత్ర సంఘం 1979లో, అంతర్జాతీయ బాలల సంవత్సరంలో, బొంబాయిలో ఈ ఉత్సవాన్ని ప్రారంభించింది. రెండేళ్ళకొకసారి ఒక్కో నగరంలో జరిగిన ఈ ఉత్సవం తొమ్మిదవ దఫా 1995లో హైదరాబాదుకు వచ్చి ఇక్కడే స్థిరపడింది. బంగారు ఏనుగు దీని పురస్కార చిహ్నం. 2017 నవంబరులో జరిగిన 20వ ఉత్సవం దాకా, అంటే 22 ఏళ్ళ పాటు, ఈ నగరపు పిల్లలు దేశదేశాల చిత్రాలు చూశారు.

ఇక్కడ ప్రవేశానికి మార్గం బడి. పిల్లవాడు ప్రతినిధి పత్రం కోసం దరఖాస్తు పెట్టడు, ఉపాధ్యాయుల వెంట తరగతితో కలిసి వస్తాడు. ప్రదర్శనలు పగటివేళ జరుగుతాయి. పెద్దల ఉత్సవంలో అడ్డుపడిన పత్రం, రాత్రి ప్రయాణం అనే రెండు అడ్డంకులు దీంతో తొలగిపోయాయి. సినిమా చూడటాన్ని క్రమశిక్షణకు విరుద్ధంగా భావించే విద్యావ్యవస్థే పిల్లలను వరుసలో నిలబెట్టి సినిమాకు తీసుకురావడం సాంస్కృతికంగా చిన్న విషయం కాదు. బాలల చిత్రాలపట్ల తెలుగు దర్శకుల ఆసక్తికి ఈ వాతావరణం తోడైంది. అక్కినేని కుటుంబరావు ‘పాతనగరంలో పసివాడు’ ఈ దశకంలోనే, 1998లో వచ్చింది. పాతనగరపు బాల్యం తెలుగు తెరమీద కథావస్తువు కావడానికి ఆ పేరే నిదర్శనం.

అయితే స్థలం విషయంలో ఈ ఉత్సవం కూడా నదికి దూరమవుతూ వచ్చింది. మొదట లలితకళా తోరణం, తరువాత హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2003లో వెలసిన ప్రసాద్స్ మల్టీప్లెక్స్, 2017 నాటికి మాదాపూర్‌లోని శిల్పకళా వేదిక. ప్రధాన వేదికల వరుసను నగరపటం మీద గుర్తిస్తే అది వాయవ్య దిశగా సాగుతుంది. నగరపు సంపద నడిచిన దారి కూడా అదే. శాశ్వత భవన సముదాయం మాట పలుమార్లు వినిపించినా రూపం దాల్చలేదు. 2022లో బాలల చలనచిత్ర సంఘం జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. రెండేళ్ళకొకసారి ఏనుగు బొమ్మతో వచ్చే పండుగ నగరపు క్యాలెండరు నుంచి తప్పుకుంది.

7. భాష: పరాయిది ఏది?

మూడవ అంశం భాష. అంతర్జాతీయ చిత్రం ఇంగ్లీషు ఉపశీర్షికలతో వస్తుంది. అంటే జపాను చిత్రమైనా పోలండు చిత్రమైనా ప్రేక్షకునికి చేరే ముందు ఇంగ్లీషు చదవగలిగిన కన్ను అనే సుంకం కట్టవలసిందే. తెలుగు మాధ్యమంలో, ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇది భారమే.

కానీ నయాపూల్ దగ్గర ఈ ప్రశ్నను తిరగవేసి అడగవచ్చు. బాలల ఉత్సవం హైదరాబాదుకు వచ్చిన దశకంలోనే ఇరాన్ బాలల చిత్రాలు ప్రపంచాన్ని ఆకట్టుకున్నాయి. ఇరాన్‌లో 1965లో ఏర్పడిన బాలల, యువజనుల మేధోవికాస సంస్థ కియరోస్తమీ వంటి దర్శకులను తయారు చేసింది. 1987 నాటి ఆయన చిత్రం అసలు పేరు ‘ఖానే యే దూస్త్ కొజాస్త్’. ‘స్నేహితుడి ఇల్లెక్కడ’ అని దాని అర్థం. తోటి విద్యార్థి నోటుపుస్తకం తిరిగి ఇవ్వడానికి పక్క ఊరికి పరుగెత్తే పిల్లవాడి కథ అది. మజీద్ మజీదీ 1997లో తీసిన ‘బచ్చేహా యే ఆస్మాన్’ అన్నాచెల్లెళ్ళు ఒకే జత బూట్లు పంచుకునే కథ. ఆయనదే 1999 నాటి చిత్రం ‘రంగె ఖుదా’.

ఖానా, దోస్త్, బచ్చా, ఆస్మాన్, రంగ్, ఖుదా. పాతనగరపు దక్కనీ మాట్లాడే పిల్లవానికి ఈ మాటల్లో ఒక్కటీ కొత్త కాదు. తెలంగాణ తెలుగులో దోస్తు, జవాబు, దుకాణం, దర్వాజ నిత్యవ్యవహారపు మాటలే. 1591 నాటి ఈ నగర నిర్మాణంలో ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర ప్రసిద్ధం. 1880లలో ఉర్దూ వచ్చేదాకా ఇక్కడి రాజభాష ఫారసీ. ఇరాన్ చిత్రం బంజారాహిల్స్ ప్రేక్షకునికి విదేశీ చిత్రం. నయాపూల్ ప్రేక్షకునికి అది దూరపు బంధువు ఇంటి కథ. సంభాషణ మొత్తం అర్థం కాకపోవచ్చు గాని పేర్లు, పిలుపులు, ఇరుకు గల్లీలు, పెద్దల గద్దింపులు తెలిసినవే.

అందువల్ల ‘అంతర్జాతీయం’ అనేది చిత్రంలో స్థిరంగా ఉండే లక్షణం కాదు. అది చిత్రానికీ ప్రేక్షకునికీ మధ్య ఉన్న దూరం. ఆ దూరం నగరంలో ఒక్కో ఒడ్డున ఒక్కో రకంగా ఉంటుంది. ఈ నగరానికి సహజంగా దక్కిన ఆ దగ్గరితనాన్ని గుర్తించి ప్రత్యేక విభాగంగానో, తెలుగు, ఉర్దూ వ్యాఖ్యానంతోనో పాతనగరానికి తీసుకుపోయి ఉంటే ఉత్సవానికి ప్రపంచంలో మరెక్కడా దొరకని ప్రేక్షకులు దొరికేవారు.

8. ముగింపు

పై పరిశీలన మూడు నిర్ధారణలకు దారి తీస్తుంది. మొదటిది, ప్రపంచ సినిమా పరిమిత వర్గానికే చేరడంలో అభిరుచి కంటే చట్టపు షరతు, వేదిక, ఉపశీర్షిక భాష ఎక్కువ పాత్ర వహించాయి. రెండవది, హైదరాబాదులో శాశ్వత ఫలితం ఇచ్చినవి భారీ ఉత్సవాల కంటే నెలనెలా చిత్రాలు వేసిన చిన్న సంఘాలు. మూడవది, బాలల ఉత్సవం బడి ద్వారా ఈ రెండింటికీ వంతెన వేసింది. దాని విరామంతో నగరం కోల్పోయింది ఒక వేడుకను కాదు, తరువాతి తరపు ప్రేక్షకులను.

1995లో పదేళ్ళ వయసున్న పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. వారు చూసిన చిత్రాల జ్ఞాపకాలను, వారిని తీసుకువెళ్ళిన ఉపాధ్యాయుల అనుభవాలను మౌఖిక చరిత్ర పద్ధతిలో సేకరించవలసిన సమయమిదే. ఉత్సవ సంచికలను, తెలుగు, ఉర్దూ పత్రికల సమీక్షలను కలిపి చదివితేనే ఈ చరిత్ర పూర్తవుతుంది. ఒక భాషలో మాత్రమే చదివితే ఒక ఒడ్డు మాత్రమే కనిపిస్తుంది. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన ఇది.

అందుకు కావలసిన చోట్లు నయాపూల్‌కు ఇరువైపులా ఇప్పటికే ఉన్నాయి. ఉత్తరాన గ్రంథాలయం, దక్షిణాన మ్యూజియం, దానికి కొద్ది దూరంలో సిటీ కాలేజీ, కులీకుతుబ్‌షా స్టేడియం. నెలకొక చిత్రం, పగటివేళ, రెండు భాషల్లో పరిచయంతో వేయడానికి పెద్ద ఉత్సవం అవసరం లేదు. గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు చేరే జనం ఈ ఒడ్డునే ఉన్నారు.